పొయ్యి గడపకి పసుపు

ఓడకి ఇంకా 46 రోజులు

విరిగాయి. ఒకటీ అరా కాదు, ఆరు పళ్ళూ విరిగాయి.

ఇరవయ్యొక్క రోజులు కంటికి రెప్పలా కాపాడుకుంటూ పెంచాను వాటిని. నల్లబండలోకి పదకొండు మీటర్లు దిగేసరికి పొడిపొడైపోయాయి. కదిరప్ప బావ పదహారు వందల యాభై మీటర్ల గొట్టాలన్నీ పైకి లాగి, చివరనున్న బిట్టు విప్పి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బిట్టంటే బోరు గొట్టానికుండే ఉక్కు తల. దానికి నా వజ్రాలు ఆరు, పళ్ళలాగా ఉండాలి. ఆరు బొక్కలున్నాయి.

"నీ వజ్రాలు గట్టివేమ్మీ. కాకుంటే పెళుసు," అన్నాడు బావ.

"పెళుసు నా వజ్రాలు కాదు, నీ చెయ్యి. మెల్లగా దించమని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాను. అనేశాక బాధేసింది. భూమి మీద కదిరి చుట్టుపక్కల నాలుగు వందల బోర్లు వేసిన మనిషి ఆయన. ఆయన చేతికి నేను వంక పెట్టడమేమిటి?

షంషాద్ మేడమ్ ఎర్రమిట్ట స్థావరానికి పెద్ద. ఈ లాగ్‌బుక్కు ఇచ్చేటప్పుడు పొయ్యి వేడి, గ్యాసు కొలతలు తప్ప ఇంకేం రాయొద్దన్నారు. సరేనన్నాను. కొలతలు వెనక పేజీల్నుంచి రాసుకొస్తున్నాను. ముందు పేజీలు నావి. నా పేరు సుంకులమ్మ, వయసు నలభై నాలుగు, పని వజ్రాల పొయ్యి నడపడం. కుజదోషం ఉందని భూమి మీద మూడు సంబంధాలు తప్పిపోయాయి నాకు. ఇప్పుడా కుజుణ్ణే రోజూ కాళ్ళ కింద వేసి తొక్కుతున్నాను.

సంగతేమిటంటే మంచు గుంత అడుగంటింది. పదిహేనేళ్ళుగా దాన్ని తవ్వి కరిగించుకునే బతికాం. ఇప్పుడు వాడిన నీళ్ళనే వడగట్టుకుని మళ్ళీ వాడుకుంటున్నాం. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. అవీ ఇంకెన్నాళ్ళో తెలీదు. నల్లబండ కింద నీళ్ళున్నాయని యంత్రాలు చెబుతున్నాయి. ఓడ వచ్చేలోగా బోరులో నీళ్ళు పడితే ఉంటాం. పడకపోతే రెండు వందల పన్నెండు మందిమీ ఆ ఓడెక్కి భూమికి పోవాలి. ఎర్రమిట్ట మూతపడుతుంది.

ఓడెక్కడం నాకేం కష్టం కాదు. బావ ఎక్కలేడు. ముప్ఫై ఏళ్ళ బండ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. ఓడ పైకి లేచేటప్పుడు గుండెల మీద పడే బరువుకి ఆయనకి ఊపిరి అందదని డాక్టరమ్మ నిన్న తేల్చి చెప్పేసింది. "మీరు పోండి, నేనీడే ఉంటా," అన్నాడు బావ, అదేదో పక్క వీధి మాటైనట్టు. "ఈయన్ని వదిలి నేనెక్కుతానా?" అంది మా అక్క అంజినమ్మ, పసుపు మొక్కలకి చుక్కచుక్కగా నీళ్ళు పోస్తూ, తలెత్తకుండా. నాకున్నది ఆ ఇద్దరే.

ఓడకి ఇంకా 45 రోజులు

మళ్ళీ ముట్టించాను. ఇవాళ ఆయుధపూజ కూడా.

పొయ్యి అంటాం గానీ అందులో కట్టెలూ లేవు, మంటా లేదు. పెద్ద గుండిగంత ఉక్కు గది అది. గాలి మొత్తం తోడేసి, హైడ్రోజన్ నింపి, కాస్త మీథేన్ కలిపి, మైక్రోవేవ్‌తో కొడితే లోపల నిప్పుముద్ద పుడుతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. ఆ ముద్ద కింద వజ్రపు విత్తనాలు ఆరు పెడతాం, గోరంత పలకలు. మీథేన్‌లోని కార్బన్ విడిపోయి పొర మీద పొరగా వాటి మీద దిగుతుంది. రోజుకి రెండు వెంట్రుకల మందం. నాలుగు మిల్లీమీటర్లు పెరగాలంటే ఇరవయ్యొక్క రోజులు. హైడ్రోజన్ నీళ్ళలోంచే తీయాలి, కాబట్టి నీళ్ళ కోసం వజ్రం, వజ్రం కోసం నీళ్ళు. సరిగ్గా ఇరవై ఐదు రోజులకి సరిపడా హైడ్రోజన్ ఇచ్చారు మేడమ్. అంటే ఒక్క వాయి, ఆ పైన నాలుగు రోజులు.

నా పద్ధతి ఒకటే, శుభ్రం. పొయ్యి లోపలికి బయటి గాలి పోగైనా పోకూడదు. మూత కింద రబ్బరు రింగు, రింగు కింద రాగి అంచు, రెండూ మూడుసార్లు తుడుస్తాను. నా పొయ్యిని ఎవరైనా ముట్టుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ సంగతి స్థావరం మొత్తానికి తెలుసు.

పంచాంగం భూమి నుంచి వస్తుంది. అక్కడ పండగైతే ఇక్కడా పండగే. ఇక్కడ కర్పూరం వెలిగించే వీల్లేదు, మనుషుల గాలిని అది తినేస్తుంది. అందుకని హారతి పళ్ళెంలో చిన్న బల్బు పెట్టి తిప్పుతాం. అక్క తోటగదిలో పండించి, ఎండబెట్టి, దంచిన పసుపుతో బావ పొద్దుటే బయల్దేరాడు. బోరు యంత్రానికీ, గాలి పంపులకీ, ఆఖరికి షంషాద్ మేడమ్ కుర్చీక్కూడా బొట్టు పెట్టుకుంటూ పోయాడు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

"నా పొయ్యికి వద్దు బావా," అన్నాను.

"పొయ్యికి పెట్టకపోతే ఎట్లమ్మీ?"

"బయట అల్మారాకి పెట్టుకో. అంతకుమించి వేలు కదిలిందో, ఆ వేలు నాకిచ్చి వెళ్ళాలి."

విత్తనాలు సర్ది, అంచు మూడోసారి తుడిచి, అక్క పిలిస్తే వెళ్ళి రెండు ఓళిగలు తిని వచ్చాను. మూత బిగించాను. ముట్టించాను. నిప్పుముద్ద చక్కగా నిలబడింది.

ఓడకి ఇంకా 43 రోజులు

నిప్పు రంగు బాలేదు. మామూలుగా మధ్యలో లేత గులాబీ, అంచున ఆకుపచ్చ. ఇప్పుడు అంచు వంకాయ రంగులో ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను, వంకాయే. మీటర్లన్నీ మాత్రం బాగున్నాయి.

వంకాయ రంగంటే నైట్రోజన్. నైట్రోజన్ అంటే గాలి. గాలి అంటే ఎక్కడో కారుతోందని. నా పొయ్యి కారదు. పన్నెండేళ్ళలో ఒక్కసారీ కారలేదు. మీటరుకి కనబడనంత కారుతోందా? ఆపి చూస్తే హైడ్రోజన్ వృథా, ఆపకపోతే వజ్రం వృథా. ఇంకో రెండు రోజులు చూద్దామనుకున్నాను.

ఓడకి ఇంకా 41 రోజులు

ఆపాను. తెరిచాను. తల కొట్టేసినట్టయింది.

మూత కింద రాగి అంచు చుట్టూ, రబ్బరు రింగు కూర్చునే చోట, పసుపు. చక్కగా వేలితో రాసిన పసుపు, మధ్య మధ్య కుంకుమ బొట్లు. రాగి రంగులో కలిసిపోయి నాకు కనబడలేదు. ఆ పసుపు నలుసుల మధ్య సందుల్లోంచే గాలి సన్నగా లోపలికి పోతూ ఉంది, నాలుగు రోజులుగా.

బోరు గదిలోకి ఎలా వెళ్ళానో నాకే తెలీదు. "బావా, పొయ్యి అంచుకి పసుపు ఎవరు రాశారు?"

బావ నీళ్ళు నమిలాడు. ఉన్న నాలుగు లీటర్లూ నమిలేట్టున్నాడు.

"అంచు ఏందిమ్మీ? అది గడప."

"గడపా?"

"లోపలికి పోయే దోవకి ముందుండేది గడప కాక ఏంది? నువ్వు ఓళిగ తినను పోయినావు, మూత తెరిచుండాది. పండగ పూట గడపకి పసుపు లేకుండా ఎట్ల వదిలేది? లోపల నేనేం ముట్టుకోలేదు, మీ అక్క తోడు."

పన్నెండేళ్ళ నా పరువు గంగలో కలిసిందందామంటే ఇక్కడ గంగ కూడా లేకపాయె. కోపం పట్టలేక చాలా మాటలన్నాను. అన్నిటికంటే పాడు మాట ఇది: "నిన్ను బతికించడానికి నేను చస్తుంటే, నువ్వే నా పొయ్యిని చంపావు." బావ దగ్గుతూ గోడవైపు తిరిగాడు. అసలు తప్పు నాది. మూత వేసే ముందు నాలుగోసారి చూసుకోవలసింది. అది మాత్రం ఆయనతో అనలేదు.

వజ్రాలు తీసి చూస్తే టీ రంగు. నావి ఎప్పుడూ నీళ్ళంత తేటగా ఉంటాయి. ఇవి మట్టిముద్దల్లా ఉన్నాయి. మందం కూడా కొలవకుండా చెత్త డబ్బాలో పారేశాను. అంచంతా గీకి, కడిగి, ఆరబెట్టి, కొత్త విత్తనాలు పెట్టి మళ్ళీ ముట్టించాను. ఇరవయ్యొక్క రోజుల హైడ్రోజన్ మిగిలింది, సరిగ్గా ఒక శుభ్రమైన వాయికి. ఇదే ఆఖరిది.

ఓడకి ఇంకా 36 రోజులు

ఐదు రోజులుగా బావ నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున వచ్చి ఒక సానరాయి చక్రం నా బల్ల మీద పెట్టాడు. చక్రం అంచు సగం లేదు.

"ఇదేంటి?"

"నీ చెత్త నా చక్రాన్ని తినేసింది."

చెత్త డబ్బాలోంచి ఆ టీ రంగు వజ్రాల్లో ఒకటి తీసుకెళ్ళాడట. అక్క కత్తిపీటకి చిన్న బిళ్ళలా పెడదామని, అంచు నున్నగా చేయడానికి సానపట్టాడట. గంటసేపు పట్టినా దాని మీద గీత పడలేదు. చక్రం మాత్రం అరిగిపోయింది.

"మీ అక్కకి పనికొచ్చేట్టు కూడా లేదుమ్మీ అది," అన్నాడు సీరియస్‌గా.

డబ్బాలోంచి మిగతా ఐదూ ఏరాను. ముందు మందం కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు. మళ్ళీ కొలిచాను. నాలుగే. నాలుగు రోజుల్లో. నాకు ఇరవయ్యొక్క రోజులు పట్టేది ఆయన గడపకి నాలుగు రోజులు పట్టింది.

ఆ తర్వాత గట్టితనం పరీక్ష. దానికి నా దగ్గర భూమి నుంచి తెచ్చిన అసలు వజ్రపు మొనలు రెండున్నాయి, గనిలో దొరికిన వజ్రానివి. మొనని వజ్రం మీద బరువేసి నొక్కితే చిన్న గుంట పడుతుంది, గుంట ఎంతుందో చూసి గట్టితనం లెక్కగడతాం. నొక్కాను. గుంట లేదు. బరువు పెంచాను. లేదు. ఇంకా పెంచాను. టక్కుమని శబ్దమొచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే భూమి వజ్రం మొన చితికిపోయి ఉంది. టీ రంగు పిల్ల మాత్రం చెక్కు చెదరలేదు.

సుత్తి తీసుకుని కొట్టాను. మామూలుగా వజ్రాన్ని సుత్తితో కొట్టేవాళ్ళు పిచ్చివాళ్ళు. నా వజ్రాలు సరిగ్గా అలాగే పగిలేవి, చీలిక దోవ దొరికితే చాలు అద్దంలా చీలేవి. ఇది పగల్లేదు. సుత్తికి గుంట పడింది.

"బావా," అన్నాను. "నన్ను క్షమించు బావా" అని గట్టిగానే అన్నాను, పక్క గదిలోకి వినబడేలా.

"అదంతా ఎందుకుమ్మీ. సానరాయి చక్రం కొత్తది ఇప్పిచ్చు," అన్నాడు.

ఓడకి ఇంకా 35 రోజులు

షంషాద్ మేడమ్ గదిలో సమావేశం. పన్నెండేళ్ళుగా శుభ్రం శుభ్రం అని అందరి నెత్తినా ఎక్కి కూర్చున్న నేను, నిలబడి చెప్పవలసి వచ్చింది: శుభ్రమే తప్పు. చిటికెడు నైట్రోజన్ లోపలికి పోవాలి. అది ఉంటే పొరలు పరిగెత్తుకుంటూ దిగుతాయి, ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి, చీలే దోవ దొరకదు. ఆ ఆరింటినే బిట్టుకి పెడదామంటే, గాలి ఎటుపడితే అటు దూరి వంకరగా పెరిగాయి, బొక్కల్లో కూర్చోవు, సానకీ లొంగవు.

"ఎంత నైట్రోజన్?" అని అడిగారు మేడమ్.

"అదే తెలీదు మేడమ్. ఆ పసుపుని నేనే గీకి కడిగేశాను. ఎక్కువైతే మసి, తక్కువైతే పెళుసు."

"ఇప్పుడు పొయ్యిలో ఉన్నదాన్ని ఆపితే?"

"పదిహేను రోజుల హైడ్రోజన్ మిగుల్తుంది. శుభ్రమైన వాయికి అది చాలదు. అంటే వెనక్కి తిరిగే దారి ఉండదు."

"నీ పొయ్యి మీద నీకున్న గర్వం నాకు తెలుసు. దాన్ని పక్కన పెట్టి వచ్చావంటే నిజమే అయ్యుంటుంది. ఆపు," అన్నారు మేడమ్.

ఆపాను.

ఓడకి ఇంకా 34 రోజులు

ఎంత గాలి కారిందో లెక్క ఏ మీటర్లోనూ లేదు. ఒక్కచోటే ఉంది, బావ వేళ్ళలో. ఆయన ఏళ్ళ తరబడి ఇంటి గడపకీ, బోరు యంత్రానికీ ఒకేలా పసుపు రాస్తాడు, అదే మందం, అదే వేగం. అందుకని బావని పొయ్యి ముందు నిలబెట్టాను.

"అప్పుడెలా రాశావో అలాగే రాయి బావా. ఒక్క పిసరు కూడా తేడా రాకూడదు."

"స్నానం చెయ్యకుండా గడప ముట్టుకోను."

"బావా! స్నానానికి నీళ్ళెక్కడివి?"

"ఆ పొద్దు చేసినాను గదా. పండగని అందరికీ రెండు లీటర్లు ఎక్కువ ఇచ్చినారు. చెయ్యకపోతే చెయ్యి అట్ల రాదుమ్మీ, నీ ఇష్టం."

మొండి మనిషి. నా నాలుగు లీటర్లూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. అక్క తన వాటాలోంచి ఒక లీటరు పోసింది. ఆయన స్నానం చేసి, పంచె కట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని, మూడు వేళ్ళతో అంచు చుట్టూ ఒక్క తిప్పు తిప్పాడు. చేతికి అంటింది పంచెకి తుడుచుకుని, కుంకుమ బొట్లు పెట్టాడు. నేను చూస్తున్నాను. అంత శ్రద్ధగా ఎవరి పూజా చూడలేదు నేను.

మూత వేశాను. లోపలి గాలంతా తోడేసి పంపు ఆపాను. అన్నిటికంటే సున్నితమైన మీటరు, ఓడల చీలికలు వెతికేది, మేడమ్‌ని బతిమాలి తెప్పించి పెట్టాను. గంటలో లోపల ఎంత గాలి పెరిగిందో చూసి రాసుకున్నాను. మళ్ళీ తోడి, మళ్ళీ చూశాను. ఐదుసార్లు అదే అంకె. నవ్వొచ్చింది నాకు. బావ చేతికి నేను వంక పెట్టానా!

ఆ అంకె దొరికాక పసుపుతో పని లేదు. అంచు శుభ్రం చేసి, సన్నటి సూది కుళాయి ఒకటి బిగించి, సరిగ్గా అంతే నైట్రోజన్ లోపలికి పోయేలా తిప్పి పెట్టాను. దాని మీద చీటీ అంటించాను. "కదిరప్ప కుళాయి. ఎవరూ ముట్టుకోరాదు."

ముట్టించాను. అంచు వంకాయ రంగు తిరిగింది. ఇంత ముద్దొచ్చే రంగుని మొన్న తిట్టుకున్నానా అనిపించింది.

ఓడకి ఇంకా 29 రోజులు

ఆరూ వచ్చాయి. నాలుగు మిల్లీమీటర్లు, ఆరూ ఒకేలా. నిన్న మీథేన్ ఆపేసి, ఉత్త హైడ్రోజన్ నిప్పులో వేడి బాగా పెంచి కాల్చాను. దాంతో టీ రంగు చాలావరకు పోయింది, గట్టితనం ఇంకా పెరిగింది. ఎంత పెరిగిందో చెప్పలేను. కొలవడానికి మొన ఏదీ మిగల్లేదు, ఒకటి ఆ టీ రంగు పిల్ల మీద చితికింది, రెండోది వీటి మీద. ఇంతకంటే గట్టి వస్తువు ఈ గ్రహం మీద లేదని లాగ్‌బుక్కు వెనక పేజీలో కూడా రాశాను. కొలతలు మాత్రమే రాయమన్నారు కదా, ఇదీ కొలతే.

బావ ఆరింటినీ వెండి టాకాతో బిట్టుకి అతికాడు. పని చేసినంతసేపూ దగ్గు రాకుండా పెదాలు బిగించుకున్నాడు.

ఓడకి ఇంకా 28 రోజులు

దించాం. పదహారు వందల యాభై ఒకటో మీటరు, పోయినసారి విరిగిన చోటు. అందరం బోరు పక్క నేలకి చెవులు ఆనించుకుని ఉన్నాం. పోయినసారి ఇక్కడే టపటపమని శబ్దాలొచ్చాయి. ఈసారి కరకరమంటూ ఒకటే సవ్వడి, జంతికలు నమిలినట్టు. సాయంత్రానికి పన్నెండు మీటర్లు దిగింది. బావ చేతులు పైకెత్తి ఒక కేక పెట్టి, ఆ కేక వెనకే ఐదు నిమిషాలు దగ్గాడు.

ఓడకి ఇంకా 17 రోజులు

రోజుకి పన్నెండు మీటర్లు చొప్పున దిగుతున్నది నిన్నటి నుంచి మూడుకి పడిపోయింది. గొట్టం తిరుగుతోంది, బండ తెగడం లేదు. లోతు పదిహేడు వందల ఎనభై. ఇవాళ పొద్దుటి నుంచి గొట్టాలన్నీ పైకి లాగుతున్నాం. పళ్ళు అరిగిపోతే మళ్ళీ పెంచి, అతికి, దించేసరికి వారం పోతుంది, నీళ్ళింకా ఎంత లోతున్నాయో తెలీదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అక్క వచ్చి మూలన కూర్చుంది. చేతిలో పని లేకుండా అక్కని నేనెప్పుడూ చూడలేదు.

బిట్టు పైకొచ్చింది. బావ గుడ్డతో తుడిచాడు. దగ్గరికి పెట్టుకుని చూశాడు. వేలితో తడిమాడు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని నా ప్రాణం పోయింది.

నవ్వుతున్నాడు.

"పళ్ళు బాగుండాయిమ్మీ. చిగుళ్ళే పోయినాయి!"

నిజమే. నా వజ్రాలు ఆరూ పెట్టినవి పెట్టినట్టున్నాయి, అంచులు కూడా మొండి పడలేదు. వాటిని పట్టుకున్న ఉక్కు తల అరిగి వదులైపోయి పళ్ళు లోపలికి కూరుకుపోయాయి. ఉక్కు తలలు స్థావరంలో తొమ్మిదున్నాయి. అక్క లేచి కొంగు దులుపుకుంది. "మరి నిలబడి చూస్తారేం? కొత్త దానికి అతకండి," అని వెళ్ళిపోయింది. వంటగదిలోంచి గిన్నెల చప్పుడు వినబడింది.

ఓడకి ఇంకా 6 రోజులు

పందొమ్మిది వందల మీటర్లు దాటాం. పొద్దున పది గంటలకి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కిటికీ అవతల బోరు గదిలో బావ చెయ్యెత్తి ఆగమన్నాడు. గొట్టం ఆపారు. నేను పరిగెత్తాను.

బండ కోసినంతకాలం బోరులోంచి పొడి దుమ్ము ఎగిరొస్తూనే ఉంది. ఇప్పుడు దుమ్ము రావడం లేదు. బావ ముఖానికున్న మాస్కు తీసేశాడు. వద్దని అరిచాను. ఆయన వినలేదు, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు.

"సుంకులూ, ఇట్ల రా. వాసన చూడు."

నేనూ మాస్కు తీశాను. తడి మన్ను వాసన. పదిహేనేళ్ళ కింద భూమిని వదిలిన రోజు వాన పడుతోంది, ఆ రోజు పీల్చిన వాసన. ఇక్కడ పుట్టిన పిల్లలకి అదేమిటో కూడా తెలీదు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. వృథాగా పోనీయకూడదని అలవాటు ప్రకారం తుడుచుకోబోయి, ఇక అక్కర్లేదని గుర్తొచ్చి వదిలేశాను.

"ఇంకో గజం దించండి," అన్నాడు బావ. దించారు. ముందు గొట్టం మూతిలోంచి నల్లటి బురద ఉమ్మింది. కాసేపు గుర్రుగుర్రుమంది. ఆ తర్వాత గది పైకప్పుకి తగిలేంత ఎత్తున నీళ్ళు లేచాయి.

"నీళ్ళు పడినాయ్!"

ఎవరు అరిచారో తెలీదు. అందరం అరిచాం. షంషాద్ మేడమ్ తడిసిన చీరతో, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, అలాగే నిలబడి పెద్దగా నవ్వుతున్నారు. అక్క బిందె తెచ్చింది. ఎర్రమిట్టలో ఒక బిందె ఉందని నాకు అప్పటిదాకా తెలీదు, ఎక్కడ దాచిందో ఏమో. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, వడగట్టుకోవచ్చు. బావ దోసిట్లో నీళ్ళు పట్టి, తాగలేదు. కుడిచేతి ఉంగరం వేలు ముంచి, నా నుదుటి మీద పెట్టాడు. చల్లగా తగిలింది.

"ఏంటి బావా ఇది?"

"బొట్టుమ్మీ," అన్నాడు. "నీళ్ళ బొట్టు."

ఓడ వచ్చిన రోజు

ఓడ దిగింది. కెప్టెన్ జాబితా పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. రెండు వందల పన్నెండు సీట్లు సిద్ధం చేసుకొచ్చాడట, ఎంతమంది ఎక్కుతారని అడిగాడు. "ఎవరూ ఎక్కరు. దాహమేస్తే చెప్పండి, నీళ్ళిస్తాం," అన్నారు షంషాద్ మేడమ్. అతను మూడు గ్లాసులు తాగాడు.

పొయ్యి నడిపే పద్ధతి నన్ను కొత్తగా రాసిమ్మన్నారు, మిగతా స్థావరాలకి పంపడానికి. రాశాను. హైడ్రోజన్ ఎంత, మీథేన్ ఎంత, కదిరప్ప కుళాయి ఎన్ని తిప్పులు, చివర్లో ఎంత వేడిలో కాల్చాలి, అంతా ఉంది. ఏడో అంశం ఇది: మూత వేసే ముందు, రింగు తగలని చోట, గడపకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. రాసే మనిషి స్నానం చేసి ఉండాలి.

ఏడో అంశం అవసరమా అని మేడమ్ అడిగారు. ఇక్కడ నీళ్ళకి కొదవ లేదు కదా మేడమ్, అన్నాను. ఆవిడ సంతకం పెట్టారు.

మధ్యాహ్నం ఓడ పైకి లేచింది. లోపల రెండు వందల పన్నెండు సీట్లూ ఖాళీ. బావ కిటికీ దగ్గర నిలబడి, దగ్గుతూనే, అది కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపాడు. అక్క లోపల్నుంచి ఇద్దరినీ అన్నానికి పిలిచింది.